నేరేడు పేలబండ ఎక్కనన్నాడు

అనగనగా నల్లమల అడవిలో, లోతైన వాగు ఒడ్డున, ఒక కొండముచ్చుల మంద ఉండేది. కోతులు కాదర్రా, కొండముచ్చులు. నల్ల మొహం, బారెడు తోక. వాటిని కోతులంటే వాటికి ఒళ్ళు మండుతుంది, గుర్తుపెట్టుకోండి. వంటింట్లో ఉన్న అమ్మా, పేపరు పట్టుకున్న నాన్నా, మీరు కూడా ఇటొచ్చి కూర్చోండి. ఈ కథ పిల్లల కంటే మీకే ఎక్కువ కావాలి.

ఆ మందలో రేల అనే తల్లి ఉండేది. రేల చెట్టు మీద పుట్టింది కాబట్టి రేల. ఆమె కొడుకు నేరేడు చెట్టు మీద పుట్టాడు కాబట్టి నేరేడు. వాడు అరక్షణం కుదురుగా ఉండేవాడు కాదు. పొద్దున లేస్తే గెంతడమే పని.

ఎందుకంటారా? గెంతుల పండగ వస్తోంది మరి. వానలు తగ్గగానే, అమ్మ పొట్ట వదిలి సొంతంగా తిరిగే పిల్లలంతా వరసగా నిలబడి, వాగు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి గెంతాలి. కింద నీళ్ళు హోరుమంటుంటాయి. పెద్దలంతా రెండు గట్ల మీదా చేరి కేకలేస్తుంటారు. ఆ గోల చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. నేరేడుకి కాళ్ళు నేల మీద ఆగడం లేదు. నిద్రలో కూడా గెంతుతున్నట్టే కాళ్ళు ఆడించేవాడు. "అమ్మా, ఇంకెన్ని రోజులు?" అని రోజుకి పదిసార్లు అడిగేవాడు. పదిసార్లూ రేల విసుక్కోకుండా చెప్పేది.

ఇప్పుడు ఆ మందలో ఒక ఆచారం చెప్తాను. నవ్వకూడదు. మధ్యాహ్నం పూట అందరూ ఒక పెద్ద బండ మీద కూర్చుని ఒకరి పేలు ఒకరు చూసుకునేవారు. దాని పేరు పేలబండ. నవ్వొద్దన్నానా? వాళ్ళకి పేలు చూడటమంటే పెద్ద మర్యాద. పెద్దవాళ్ళెవరైనా తమ ముందున్న రాతిని అరచేత్తో రెండుసార్లు తట్టి పిలిస్తే, పిల్లలు వెళ్ళి వీపు చూపించి కూర్చోవాల్సిందే. వద్దు అనకూడదు. వద్దన్న పిల్ల ఆ మందలో అప్పటిదాకా ఒక్కటి కూడా లేదు.

ఆ పెద్దల్లో మద్ది మామ అంటే అందరికీ ప్రాణం. చిరుత వస్తే అందరికంటే ముందు చూసి కేకేసేది ఆయనే. పిల్లలకి తునికి పళ్ళు తెచ్చి పంచేది ఆయనే. "మీరు నిశ్చింతగా మేతకి వెళ్ళండమ్మా, పిల్లల్ని నేను చూసుకుంటాను" అనేది కూడా ఆయనే. అలాంటి పెద్దమనిషి నేరేడుని రోజూ పిలవడం మొదలుపెట్టాడు. "ఇక్కడ గోలగా ఉంది అల్లుడూ, అటు పోదాం పద. పేలు చూసి, గెంతడంలో కిటుకులు కూడా చెప్తాను" అని పొదల వెనక్కి తీసుకెళ్ళేవాడు. నా కొడుకు ఎంత అదృష్టవంతుడో అని రేల పొంగిపోయింది.

కొన్ని రోజులయ్యాక నేరేడు చేతిలో తేనెపట్టు ముక్క కనపడింది.

"ఎవరిచ్చార్రా?" అని రేల అడిగింది.

"మామ."

"మిగతా పిల్లలకీ ఇచ్చాడా?"

"లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాడు" అని నేరేడు ఆ ముక్కని కింద పెట్టేశాడు. నాలుక కూడా ఆనించలేదు.

తేనెపట్టర్రా. దాన్ని కింద పెట్టే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? రేలకి అక్కడే అనుమానం రావాలి. రాలేదు. "ఇంత మంచి మామని పట్టుకుని, మొహం చూడు ఎలా పెట్టాడో" అని తేనె తనే నాకేసింది.

తరవాత వాడు గెంతడం మానేశాడు. ఎప్పుడో వదిలేసిన అమ్మ పొట్టని మళ్ళీ కరుచుకుని పడుకునేవాడు. నిద్రలో ఉలిక్కిపడి లేచేవాడు. తోటి పిల్లలు ఆటకి పిలిస్తే గుర్రుమని మీదికి వెళ్ళేవాడు. రేల కంగారుపడింది, కానీ దారి తప్పి పడింది. కడుపులో పురుగులున్నాయనుకుని వేపాకు నమిలించింది. పాపం, ఆ చేదంతా వాడు మాట్లాడకుండా మింగాడు.

ఆ తరవాత జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది. పేలబండ మీద మద్ది మామ రాయి తట్టాడు. నేరేడు తల్లి వెనక దాక్కున్నాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. రేలకి తల కొట్టేసినట్టయింది.

"పెద్దవాళ్ళు పిలిస్తే వెళ్ళవా? నలుగురిలో నా పరువు తీస్తావా?" అని చెయ్యి పట్టి లాగి తనే ముందుకి తోసింది.

అవును, కన్నతల్లే తోసింది. చెడ్డది కాబట్టి కాదు. మర్యాద నేర్పుతున్నానని అనుకుంది.

ఆ సాయంత్రం నేరేడు ఒక్క మాటే అన్నాడు. "అమ్మా, నేను గెంతుల పండగకి రాను."

రేల చేతిలో చిగురు చేతిలోనే ఉండిపోయింది. రోజుకి పదిసార్లు రోజులు లెక్కపెట్టిన పిల్లాడు. వీడు పండగకి రానంటున్నాడా? అప్పుడు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. చెప్పొద్దన్న తేనె. పొదల చాటు. ఉలికిపాటు. తన వెనక దాక్కున్న పిల్లాడు.

తెల్లవారగానే వాడిని వాగు గట్టుకి తీసుకెళ్ళింది. ఎదురుగా కూర్చోలేదు, పక్కన కూర్చుంది. గద్దించలేదు, ప్రశ్నలు గుప్పించలేదు.

"నేరేడూ, నీకు ఇష్టం లేని వాళ్ళ దగ్గరికి నిన్నింక పంపను. ఎందుకో చెప్పినా సరే, చెప్పకపోయినా సరే" అంది.

నేరేడు ఒక గులకరాయి తీసి నీళ్ళలోకి విసిరాడు. తరవాత చిన్న గొంతుతో చెప్పాడు.

"మామ పేలు చూడడమ్మా. నాకు ఇష్టం లేని చోట్ల చేతులు వేస్తాడు. ఎవరూ చెయ్యి వేయకూడని చోట్ల. వద్దన్నా ఆగడు. ఎవరికైనా చెప్తే మనిద్దరినీ మందలోంచి వెళ్ళగొట్టిస్తానన్నాడు. తేనె తీసుకున్నావు కాబట్టి తప్పు నీదే అన్నాడు."

రేలకి అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. రెండూ మింగేసింది. ఇప్పుడు తను అరిస్తే, వీడు తన మీదే అరిచిందనుకుని మళ్ళీ నోరు మూసుకుంటాడు. వాడి భుజం చుట్టూ తోక వేసి నెమ్మదిగా చెప్పింది.

"నిన్ను నమ్ముతున్నాను. తప్పు నీది కాదు, ఆ మామది. చెప్పి మంచి పని చేశావు. నిన్ను నేనే తోశాను కదా నాన్నా, ఆ తప్పు నాది."

అంతే. నేరేడు అప్పుడు ఏడ్చాడు, వాగు వినేంత గట్టిగా.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి వినండి. దుప్పటి వదలండి, దగ్గరికి జరగండి. మంద అంతా పేలబండ మీద ఉంది. నేరేడుని పొట్టకి కరిపించుకుని రేల పక్కనున్న చెట్టు కొమ్మ మీద కూర్చుంది. మద్ది మామ రాయి తట్టాడు. టప్, టప్.

"రా అల్లుడూ."

"వాడు రాడు అన్నా" అంది రేల.

చేతులన్నీ ఆగిపోయాయి. పేలు కూడా కదలడం మానేశాయేమో. వద్దనే మాట ఆ బండ మీద వినపడటం అదే మొదటిసారి.

మద్ది మామ నవ్వాడు. "పిల్లాడిని నెత్తికెక్కించుకుంటున్నావు చెల్లీ. పంపించు."

అప్పుడు రేల ఏం చేసిందో తెలుసా? గుండెల నిండా గాలి పీల్చి, చిరుత వస్తే వేసే కేక వేసింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి అడవి దద్దరిల్లేలా. ఆ కేక వింటే ఆగి ఆలోచించే కొండముచ్చు లేదు. తల్లులు పిల్లల్ని చంకనేసుకున్నారు. ముసలివాళ్ళు కుర్రవాళ్ళయిపోయారు. రెప్పపాటులో మంద అంతా చెట్ల మీదుంది. మద్ది మామ ఒక్కడే కదల్లేదు. కాపలా కాసేవాడు కదా, చుట్టూ చిరుత లేదని ఆయనకి తెలుసు.

మంద పెద్ద ఇప్పమ్మ అవ్వ పైకొమ్మ మీంచి ఆయాసపడుతూ అడిగింది. "ఎక్కడే రేలా, చిరుత ఎక్కడ?"

"దూరం చూడకు అవ్వా. కింద బండ మీదే కూర్చుంది" అంది రేల.

అందరూ కిందికి చూశారు. అంత పెద్ద బండ మీద మద్ది మామ ఒంటరిగా ఉన్నాడు. చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది.

రేల అందరి ముందూ పిల్లాడి బాధని బయట పెట్టలేదు. కొమ్మ ఎక్కి వెళ్ళి ఇప్పమ్మ అవ్వ చెవిలో చెప్పింది. అవ్వ మొహం మారిపోయింది.

కింద మద్ది మామ గొంతు పెంచాడు. "పసివాళ్ళు ఏవేవో కల్పిస్తారు. వాళ్ళ మాట పట్టుకుని నన్నంటారా? మిమ్మల్ని ఎన్నిసార్లు కాపాడాను నేను?"

"నిజమే కదా" అని ఒక కొమ్మ మీద గొణిగారు. "మద్ది మామ అలాంటివాడా" అని ఇంకో కొమ్మ మీద గొణిగారు. రేల నేరేడుని ఇంకా దగ్గరికి లాక్కుంది. నమ్మరేమో అనిపించింది. అప్పుడు ఒక చిన్న పిల్ల కొమ్మ మీంచి కొమ్మకి పాకుతూ వచ్చి నేరేడు పక్కన కూర్చుంది. "నాకూ తేనె ఇచ్చాడు" అంది. వెనకే ఇంకో పిల్లాడు వచ్చాడు. "నాకూ చెప్పొద్దన్నాడు" అన్నాడు. గొణుగుడు ఆగిపోయింది. ఆ పిల్లల తల్లులు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పమ్మ అవ్వ చెట్టు దిగింది. మద్ది మామ ఎదురుగా నిలబడింది.

"ఎన్నిసార్లు కాపాడావో నాకు గుర్తుంది. అయినా పో. ఈ వాగు చుట్టుపక్కల ఇంకెప్పుడూ కనపడకు" అంది.

మంద అంతా ఒక్కసారిగా దిగి తరిమింది. ఆ పరుగు, ఆ దుమ్ము చూడాల్సిందే. అంతటితో వదిలిపెట్టారనుకుంటున్నారా? తరిమేసి ఊరుకుంటే ఇంకో మందలో చేరి రాయి తడతాడు కదా. అందుకని ఇప్పమ్మ అవ్వ ఎగువ మందకి ఒకరిని, దిగువ మందకి ఒకరిని పరుగెత్తించి, వాడికంటే ముందే కబురు చేర్చింది.

ఇక నేరేడు గెంతుల పండగలో గెలిచాడని చెప్పాలని నాకూ ఉంది. కానీ మీకు అబద్ధం చెప్పను. ఆ ఏడాది వాడు గెంతలేదు. తల్లి ఒళ్ళో కూర్చుని చూశాడు. అన్నీ ఒక్క రోజులో సర్దుకోవు. నిద్రలో చాలా రోజులు ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడ్డ ప్రతిసారీ రేల మెలకువగా ఉంది. మరుసటి ఏడు గెంతాడు, గెంతి అవతలి గట్టు మీద మూడు పల్టీలు కొట్టాడు. ఆ సంబరం చెప్పాలంటే తెల్లారిపోతుంది.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇంకోటి ఉంది. అది మద్ది మామని తరిమిన వారానికి జరిగింది. పేలబండ మీద కొత్త కట్టుబాటు పెట్టారు. ఎవరైనా సరే అందరి ఎదురుగానే పేలు చూడాలి, పిల్లల్ని అడిగి చూడాలి. పెట్టారు గానీ, పెద్దలు మాట మీద ఉంటారో లేదో పిల్లలకి నమ్మకం లేదు.

ఇప్పమ్మ అవ్వ, మంద మొత్తానికీ పెద్ద, రాయి తట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "నేరేడూ, పేలు చూడనా నాయనా?"

పిల్లలంతా అటు తిరిగారు. నేరేడు తల్లి వైపు చూశాడు. రేల ఏ సైగా చేయలేదు. వాడిష్టం వాడిది అనుకుంది.

"వద్దు అవ్వా" అన్నాడు నేరేడు.

అవ్వ కోపగించుకోలేదు. బతిమాలలేదు. ఎందుకురా అని అడగలేదు.

"సరే" అంది.

నీతి: ఫలానా వారి దగ్గరికి వెళ్ళనని పిల్లలు అంటే, మర్యాద నేర్పకండి, కారణం వినండి. విన్నది నమ్మండి. "వద్దు" అనే హక్కు ఎంత చిన్న పిల్లలకైనా, ఎంత పెద్దవాళ్ళ ముందైనా ఉంది.