మంత్రిగారికి ఓబమ్మ వడ్డన

కోట బయట కుమ్మరిపేట బాగా పాతబడిపోయింది. దాన్ని కొత్తగా కట్టించే పని రాజుగారు మంత్రి వీరమల్లుకు అప్పగించి, పేటవాళ్లను అడిగి మరీ చెయ్యమన్నారు.

మంత్రి వచ్చి అందరినీ పోగుచేశాడు. "ఇళ్లన్నీ పడగొట్టి వరసగా కడతాం. కుండలు కాల్చే ఆవం ఊరవతలికి మారుస్తాం. అది ఖాయం. ఇక మీ అభిప్రాయం చెప్పండి. పేట ద్వారానికి ఎర్ర రంగా, పచ్చ రంగా?"

ఆవం దూరమైతే పచ్చికుండలు మోసేసరికే సగం పగిలిపోతాయి. అయినా ఆ మాట మంత్రితో అనడానికి అందరికీ భయమే. కుమ్మరి ఓబమ్మ మాత్రం ముందుకొచ్చి, "ఆలోచించి చెబుతాం దొరా. ఈలోగా మా ఇంట భోంచెయ్యండి" అంది.

భోజనప్రియుడైన మంత్రి సంబరంగా పీట మీద కూర్చున్నాడు.

"అరిటాకులో వడ్డించనా, విస్తట్లోనా?" అడిగింది ఓబమ్మ.

"అరిటాకులోనే!"

ఆమె ఆకు పరిచి, ఉప్పయినా వెయ్యని ఉడికించిన కాకరకాయలు నిండుగా వడ్డించింది.

"ఇంకేమీ లేదా?" అన్నాడు మంత్రి తెల్లబోయి.

"వంట పొద్దున్నే ఖాయమైంది దొరా. ఆకు సంగతి మిమ్మల్ని అడిగానుగా!"

"తినేవాణ్ణి నేను! ఏం వండాలో నన్ను అడగొద్దూ?"

"ఉండేవాళ్లం మేము దొరా" అంది ఓబమ్మ మెల్లగా.

మంత్రి ఆకువంక చూసి, పగలబడి నవ్వాడు. ఆవం కదిలించనని అక్కడే మాటిచ్చి, "మీకింకేం కావాలో చెప్పండి" అని పేటవాళ్లను లోపలికి పిలిచాడు. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకున్నారు.

ఓబమ్మ గబగబా పప్పుచారూ, నెయ్యీ తెచ్చింది. "తింటూ వినండి దొరా. మావాళ్లు ఇప్పట్లో ఆపరు."