ఒకే బిగువు

ఫణికుమార్ ఆ ఉదయం ల్యాబ్‌కి వచ్చాడే గానీ మనసు మనసులో లేదు. భార్య హైమవతి ముందురోజు తునిలోని పుట్టింటికి వెళ్లిపోయింది. పోట్లాట లేదు, ఏడుపు లేదు. "ఇక నా వల్ల కాదండీ" అని మాత్రం అని, బట్టలు సర్దుకుంది.

అతని పరిశోధన నికెల్, టైటానియం కలిపిన ఒక వింత లోహం మీద. బాగా సాగదీసి వదిలినా అది మళ్లీ మొదటి రూపానికి వచ్చేస్తుంది. ఆ పని నేర్పిన గురువు జలాలుద్దీన్ గారు అతని మొహం చూసి, స్టూలు దగ్గరికి లాగి కూర్చోబెట్టారు.

"ఏమీ అర్థం కావట్లేదు సార్. రెండేళ్లలో పీహెచ్‌డీ అయిపోతుందన్నాను, సరేనంది. ఇంకో ఏడాదన్నాను, సరేనంది. నేను ఉద్యోగం మానేస్తే తను ట్యూషన్లు పెంచుకుంది. మొన్నటిదాకా అదే గొంతు. ఒక్కసారి గట్టిగా అన్నా తెలిసేది కదా, కష్టంగా ఉందని."

ఆయన సొరుగులోంచి ఆ లోహంతోనే చేసిన సన్నటి స్ప్రింగు తీసి, ఒక కొస అతని చూపుడువేలికి తగిలించారు. రెండో కొస తాను పట్టుకున్నారు.

"కళ్లు మూసుకో. ఎంత సాగిందో చెబుతూ ఉండు."

వేలికి బిగువు తెలిసింది. కాస్త పెరిగి, నిలిచింది.

"రెండంగుళాలుంటుందేమో సార్."

"ఇప్పుడో?"

"మీరు లాగట్లేదు కదా."

"ఇప్పుడు?"

"అంతే ఉంది సార్."

"కళ్లు తెరువు."

స్ప్రింగు బల్ల అవతలి అంచుదాకా సాగి ఉంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య నుంచి వెలుతురు కనిపిస్తోంది.

ఒక దశలో ఈ లోహం ఎంత సాగినా బిగువు పెరగదని ఫణికి తెలియనిది కాదు. గ్రాఫులో ఆ అడ్డగీతని తనే ఎన్నోసార్లు గీశాడు. అయినా వేలినీ స్ప్రింగునీ మార్చి మార్చి చూశాడు.

"ఇంకా లాగితే?" అడిగారాయన.

"కొంతదాకా పరవాలేదు సార్. ఆ మీదట..." గొంతు తగ్గింది. "ఆ మీదట వెనక్కి రాదు."

ఆయన మెల్లగా చేయి దగ్గరికి తెచ్చారు. చుట్లన్నీ మూసుకున్నాయి.

"వేలికి తెలియదయ్యా," అన్నారు. "చూడాలి."

మధ్యాహ్నం తుని బస్సెక్కాడు ఫణి. వెళ్లి ఏం మాట్లాడాలో తోచలేదు. హైమ మొహం గుర్తు చేసుకోబోయాడు. పెళ్లినాటి మొహం గుర్తొచ్చింది. నిన్నటిది ఎంతకీ రాలేదు.