సుంకులక్క చోటు

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో జరిగిందిది. మా అవ్వకు వాళ్ళ అవ్వ చెప్పింది. మీరు ఊ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందా, నేనూ ఆగిపోతాను.

నల్లదిబ్బ అని ఒక ఊరు. ఆ ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. ఆ ఊళ్ళో సుంకులక్క అని ఒక మేదరామె ఉండేది. బుట్టలు అల్లేది, చేటలు అల్లేది, గంపలు అల్లేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆమె అల్లిన బుట్ట లేని ఇల్లు లేదు. ఆమెను పిలిచి పీట వేసిన ఇల్లూ లేదు.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడూ రాలేదు. మూడో ఏడు బావిలో నీళ్ళు మెట్టు తర్వాత మెట్టు దిగిపోసాగాయి. ఏరు చూస్తే మూడు రోజుల నడక. ముందే పోతే అక్కడ మేత చాలక పశువులు చస్తాయి. ఆలస్యంగా పోతే దారిలో నీళ్ళు లేక మనుషులు చస్తారు. ఎప్పుడు పోవాలి? ఊరంతటికీ అదే దిగులు. తల్లులు పిల్లలకు నీళ్ళు పోస్తూ పోస్తూ చెంబులోకి తొంగి చూసుకునేవాళ్ళు.

ఊరి పెద్ద హంపన్న ముగ్గురిని అడిగాడు. ఒకడు రేపే పోదామన్నాడు. ఒకడు నెల ఆగుదామన్నాడు. ఒకడు దేవర చెబుతుందన్నాడు. దేవర ఏమీ చెప్పలేదు.

"అడగాల్సింది బాయిని," అంది సుంకులక్క. "దినామూ అడగల్ల. అది చెప్పింది మరిసిపోకుండా పెట్టుకోవల్ల."

హంపన్న నవ్వాడు. "బాయి మాట్లాడతాదా మే?"

"మాట్లాడతాది. ఇనేటోళ్ళే లేరు."

నీళ్ళు మోసే పిల్లలను ఆమె పిలిచింది. తలా ఒక వెదురు బద్ద ఇచ్చింది. పొద్దు పొడవగానే వంతువారీగా బావిలోకి దిగాలి. బద్దను అడుగు బండకు ఆనించాలి. తడిసినంత మేర ఉంచి, పైది కోసెయ్యాలి. దాన్ని తెచ్చి ఆమె గుడిసె గోడకు నిలబెట్టాలి. రోజుకొక బద్ద, బద్దకూ బద్దకూ నడుమ జానెడు దూరం.

"ఒకే బండకు ఆనించండి. ఒకే పొద్దుకు కొలవండి. చూడంది నిలబెట్టొద్దండి," అని నేర్పింది. పిల్లలు అదే పాటలాగా పాడుకునేవాళ్ళు.

పది రోజులకు పది బద్దలు నిలబడ్డాయి. ఒకదానికంటే ఒకటి పొట్టి. వాటి తలల మీదుగా ఆమె ఒక దారం లాగింది. వాలుగా దిగిన ఆ దారాన్ని అదే వాలున ఇంకా ముందుకు లాగితే, చివరి బద్ద నుంచి ఇరవయ్యో జానకు నేలను తాకింది.

"ఇంగ ఇరవై దినాలు," అంది.

హంపన్న ఈసారి నవ్వలేదు. పదిహేనో రోజున బయలుదేరాలని చాటింపు వేయించాడు. ఇళ్ళల్లో మూటలు కట్టుకున్నారు.

నాలుగు రోజులు బద్దలు దిగుతూ వచ్చాయి. తర్వాత మూడు రోజులు ఓబులి వంతు. ఓబులి తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ మూడు రోజులూ మూడు బద్దలు సరిసమానంగా నిలబడ్డాయి. హంపన్న చూశాడు. "నీళ్ళు ఆగినాయి! ఊట పడింది!" అని కేకలు పెట్టాడు. ఊరికి ప్రాణం లేచొచ్చింది. మూటలు విప్పారు. ఎడ్లకు కడుపునిండా నీళ్ళు పెట్టారు. ఆ మధ్యాహ్నం కొందరు స్నానాలు కూడా చేశారు!

సుంకులక్క మాత్రం నమ్మలేదు. మూడు రోజులూ వెంట్రుకవాసి తేడా లేకుండా నిలవడానికి నీళ్ళకు అంత బుద్ధి ఎక్కడిది? ఆమె ఆ మూడు బద్దలనూ తిరగేసి చూసింది. మిగతా బద్దలన్నిటికీ అడుగున బురద ఎండి అంటుకుని ఉంది. ఈ మూడూ శుభ్రంగా ఉన్నాయి.

"ఓబులీ, నిజం చెప్పమ్మా."

"కింద మెట్టు మీద పాము ఉండె అక్కా. దిగల్లంటే భయమాయె. దిగలేదని చెప్తే తిడతారని ఇంకా భయమాయె. అందుకే ఇంట్లోనే కోసి తెచ్చినా."

"పాముకు భయపడితే తప్పేముంది? నేనైనా పరిగెత్తుదును. చోటు ఖాళీగా వదిలుంటే సరిపోతాండె కదమ్మా."

మర్నాడు పొద్దున్నే ఆమె కట్టె చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగింది. మోకాళ్ళు పట్టేశాయి. పాము లేదు. నీళ్ళు చాలా కిందికి పోయాయి. బద్ద ఆనించి, కోసి తెచ్చి, పద్దెనిమిదో చోట నిలబెట్టింది. ఓబులి బద్దలు మూడూ తీసేసింది. మళ్ళీ దారం లాగింది. ఇంకా పన్నెండు జానలు ఉండాల్సింది, ఎనిమిది జానల్లోనే నేలను తాకింది.

ఎవరి పని ఇది అని హంపన్న అరిచాడు. సుంకులక్క ఓబులి పేరు చెప్పలేదు. "మూడు దినాలు కొలవలేదు, అంతే," అంది.

"ఆ సందు చూడలేకుండా ఉండా. ఎవురన్నా చూస్తే నగుబాటు. బద్దలు దగ్గరికి జరుపు."

"జరిపితే దారం అబద్దం చెప్తాది హంపన్నా. ఆ మూడు దినాలు మనకు తెల్దు. తెల్దని అట్లే ఉండనీ. నీ సిగ్గు కోసరం పిల్లోళ్ళను సంపుతావా?"

హంపన్న మళ్ళీ చాటింపు వేయించాడు. సాయంత్రానికి మూటలు మళ్ళీ కట్టారు. తెల్లారి కుండలు నింపుకుని బయలుదేరారు. మొదటి రోజు నడిచారు. రెండో రోజు నడిచారు. మూడో రోజు ఏరు కనబడేసరికి ఊరి మొత్తానికి ఒక్క కడవెడు నీళ్ళు మిగిలాయి. అందరూ ఉన్నారు. చంకలో పిల్లలు, కట్టె పట్టిన ముసలివాళ్ళు, అందరూ.

వానలు పడ్డాక తిరిగొచ్చారు. సుంకులక్కకు ప్రతి ఇంట్లో పీట పడింది. పిల్లలు కొలవడం మానలేదు. బావి కొలిచారు, వాన కొలిచారు, కొర్ర మొలకలు కొలిచారు. గోడ చాలక పక్కింటి గోడకు పోయారు.

చాలా ఏళ్ళకు, ఒక ముసురు పొద్దున, సుంకులక్క చనిపోయింది. ఊరంతా ఆమె వెంట శ్మశానానికి నడిచింది.

మర్నాడు ఓబులి బద్ద పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. అప్పటికి ఆమె ఇద్దరు పిల్లల తల్లి. నిన్నటి చోట ఏమీ లేదు. వణుకుతూ వచ్చిన ముసలి హంపన్న అన్నాడు, "తల్లి పోయిన దినం. మంచి బద్ద ఒకటి చూసి, పసుపు రాసి పెట్టమ్మా."

ఓబులి ఆ ఖాళీ మీద అరచెయ్యి ఆనించింది. "నిన్న బాయి కాడికి ఎవురమూ పోలేదు మామా. ఏడుస్తా ఉంటిమి."

జానెడు వదిలి, ఆనాటి బద్దను దాని చోట నిలబెట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది.

గొప్పవాళ్ళకు జనం రాళ్ళు నిలబెడతారు. సుంకులక్కకు ఏమీ నిలబెట్టలేదు. ఇప్పుడు నల్లదిబ్బ బళ్ళో పిల్లలు మొలకల పొడవు కొలిచి గళ్ళ కాగితం మీద గీస్తారు. జ్వరమొచ్చో, మరిచిపోయో, భయపడో ఒక రోజు కొలవకపోతే ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. కొత్తగా వచ్చిన అయ్యవారు ఇదేమిటని అడిగితే, "సుంకులక్క చోటు సార్" అంటారు.

ఆ మాట చెప్పిన పిల్లను ఆ ఊళ్ళో ఎవరూ తిట్టరు.