తేనె గుహలో నవ్వు బొమ్మలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక తేనె గుహ. ఆ గుహకి మేస్త్రీ ఎవరనుకున్నారు? ఎలుగుబంటి బొద్దయ్య! తేనెకి ఎలుగుబంటి కాపలా ఏమిటని నవ్వకండి. నవ్వు సంగతి తర్వాత చెప్తాను, ఈ కథంతా దాని గురించే.

బొద్దయ్య నిజాయితీపరుడు. వానలు పట్టాయంటే అడవిలో చిన్నపిల్లలందరికీ ఆ తేనే తిండి. "ఒక్క కూన కూడా ఆకలితో పడుకోదు, పూచీ నాది" అని తల్లులందరికీ మాటిచ్చాడు. కోతి చింతాలు తేనెపట్టులు దించేవాడు. కుందేళ్లు తేనె వడగట్టి కుండల్లో పోసేవి. ముళ్లపంది పేరమ్మ గుహలో తిరుగుతూ ఎక్కడైనా తప్పుందా అని కుండలు చూసుకునేది.

ఆ గుహలో ఒక అలవాటు ఉండేది. పొద్దున్నే పనిలోకి దిగేముందు అందరూ గుహ ముందు కూర్చునేవారు. నిన్న ఏం చెడింది, ఎక్కడ తేడా వచ్చింది, ఒక్కొక్కరే చెప్పాలి. దాన్ని పొద్దుటి మాట అనేవారు. చెప్పేవాళ్లు చెప్తూంటే కుందేళ్లు ఆవలించేవి. నీ తప్పంటే నీ తప్పని కీచులాటలు కూడా అయ్యేవి. పాపం, బొద్దయ్యకి తల వాచిపోయేది.

ఒకరోజు పక్క అడవి కాకి వచ్చి ఈ గోల చూసింది. "ఇంకా ఈ పంచాయితీలేమిటి మేస్త్రీ? ఫోన్లో ఒక గ్రూపు పెట్టు. అందులో మీమ్స్ వేసుకోండి. అందరూ నవ్వుకుంటారు, ఇట్టే కలిసిపోతారు" అంది.

"మీమ్ అంటే తినేదా?" అన్నాడు బొద్దయ్య.

"కాదయ్యా! ఒక బొమ్మ, దాని మీద ఒక ముక్క. చూస్తే నవ్వొస్తుంది."

సరేనన్నాడు బొద్దయ్య. పొద్దుటి మాట మానేసి గ్రూపు పెట్టాడు. కోతికి ఫోనెక్కడిదంటారా? కోతి మాట్లాడితే ఒప్పుకున్నారు, ఫోను పట్టుకుంటే ఒప్పుకోరా? ఊరుకోండి మరి!

మొదటి బొమ్మ చింతాలు వేశాడు. బురదలో కూరుకుపోయిన గేదె. కింద "సోమవారం పొద్దున్న నేను" అని రాసుంది. కుందేళ్లు పొట్ట పట్టుకుని దొర్లాయి. బొద్దయ్య ఫోను తిప్పి తిప్పి చూశాడు. "ఎవరిదా గేదె? ఎవరైనా బయటికి లాగారా?" అని అడిగాడు. అందరూ ఇంకా నవ్వారు. ఎందుకు నవ్వారో బొద్దయ్యకి బోధపడలేదు.

రెండో బొమ్మ నిద్రపోతున్న కుందేలు. దాని మీద "తేనె వడగడుతున్నాం, అలజడి చేయకండి" అని ఉంది. పడుకున్న కుందేలే అందరికన్నా ముందు నవ్వింది. పడుకుంటే తిట్టాలి గానీ నవ్వడమేమిటో బొద్దయ్యకి అంతు చిక్కలేదు. కానీ కీచులాటలు పోయాయి, పని చకచకా సాగుతోంది. మంచిదే కదా అనుకున్నాడు.

ఇంతలో పేరమ్మ గ్రూపులో ఒక మాట పెట్టింది. "గుహ కప్పులో బీట కనిపిస్తోంది. వానొస్తే నీళ్లు కారతాయేమోనని భయంగా ఉంది."

వెంటనే మూడో బొమ్మ వచ్చింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్న పేరమ్మ! కింద "ఆకు రాలినా మన పేరమ్మ ఇంతే" అని ఉంది. నవ్వు మొహాలు వరసగా పడ్డాయి. బొద్దయ్య చూశాడు. అర్థం కాలేదు. బీట మాట అతని కంట పడకుండానే ఆ నవ్వు మొహాల కింద ఎక్కడో పోయింది. అడుగుదామనుకున్నాడు. అడిగితే మళ్లీ తన మీదే నవ్వుతారేమో! "అందరూ నవ్వుతున్నారంటే నవ్వేదే అయ్యుంటుంది" అనుకుని తనూ ఒక నవ్వు మొహం నొక్కేశాడు.

చూశారా పిల్లలూ, అదే కొంప ముంచింది! ఒక్క నొక్కు నొక్కాడు, అంతే.

ఆ రోజు నుంచి పేరమ్మ గ్రూపులో నోరెత్తలేదు. బొద్దయ్య ఎదురుపడితే తల వంచుకుని వెళ్లిపోయేది. "ఏమైంది ఈవిడకి?" అని అతను బుర్ర గోక్కునేవాడు. గ్రూపులో మాత్రం రోజంతా నవ్వులే.

వాన పడింది. మామూలు వానా అది! వారం పాటు ఎవరూ గడప దాటలేకపోయారు. ఎనిమిదో రోజు బొద్దయ్య గుహలోకి వెళ్తే పుల్లటి వాసన గుప్పుమంది. కప్పు బీటలోంచి నీళ్లు కారి కుండల్లో పడుతున్నాయి. సగం తేనె పులిసిపోయింది. బొద్దయ్య అక్కడే కూలబడ్డాడు. తల్లులకి ఏం మొహం చూపించాలి?

"చింతాలూ, ఈ బీట నీకు తెలుసా?"

"చూశాను మేస్త్రీ. దాని మీద మీమ్ వేద్దామనుకున్నా" అని గొణిగాడు చింతాలు.

"మీకు తెలుసా?" అని కుందేళ్లని అడిగాడు.

"తెలుసు. చెప్తే మా మీదా బొమ్మ వేస్తారని ఊరుకున్నాం" అన్నాయవి.

అందరికీ తెలుసు! బొద్దయ్యకి మతిపోయింది. పేరమ్మ దగ్గరికి వెళ్లాడు. "అక్కా, తప్పులు పట్టేదానివి నువ్వు. ఒక్కసారి నాతో చెప్పకూడదా?"

పేరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "చెప్పాను కదయ్యా. నువ్వూ నవ్వావు."

"నాకు అర్థం కాలేదక్కా! అందరూ నవ్వారని నవ్వాను!"

"అర్థమై నవ్వినవాళ్ల కన్నా నీ నవ్వే నన్ను ఎక్కువ పొడిచింది. నువ్వు మేస్త్రీవి కదా" అంది పేరమ్మ.

బొద్దయ్య సిగ్గుతో చచ్చిపోయాడు. వాన తగ్గగానే కప్పు బీట పూడ్చి, తనే ఇంటింటికీ తిరిగి తల్లుల ముందు తప్పు ఒప్పుకున్నాడు. ఆ ఏడు తన వాటా తేనె ముట్టుకోలేదు, అంతా పిల్లలకే పోశాడు. పొట్ట చిక్కి సంచిలా వేలాడింది.

వానాకాలం వెళ్లాక పొద్దుటి మాటకి మళ్లీ అందరినీ కూర్చోబెట్టాడు. "ముందు మాట, తర్వాత బొమ్మ. ఈసారి బొమ్మ నాది" అని ఫోను చూపించాడు. అందులో వేలాడే పొట్టతో బొద్దయ్య నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కింద "ఎందుకు నవ్వుతున్నానో నాకే తెలీదు" అని ఉంది.

అందరూ పేరమ్మ వైపు చూశారు. పేరమ్మ బొమ్మ చూసింది, బొద్దయ్యని చూసింది. ఫక్కున నవ్వింది. అప్పుడు అందరూ నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో బొద్దయ్యకి బాగా అర్థమైంది.

కళ్లు తుడుచుకుని పేరమ్మ అంది. "నవ్వింది చాల్లే గానీ మేస్త్రీ, మూల కుండకి చీమలు పట్టాయి."

"పద అక్కా, పద!" అంటూ బొద్దయ్య లేచి పరిగెత్తాడు.

నీతి: పదిమంది నవ్వుతున్నారని నువ్వూ నవ్వకు, ఎవరిని చూసి నవ్వుతున్నారో ముందు అడుగు. పక్కవాళ్లు నోరు విప్పి చెప్పగలిగేలా చేసేదే మంచి నవ్వు.