ఐలా ఔటవదు

ఎవరేమడిగినా ప్రకాశరావు మేష్టారు వెంటనే జవాబు చెప్పే రకం కాదు. "ముందు ఆడించు, తర్వాత అడుగు" అనేవారు. ఆయన దగ్గరే ఆటలు నేర్చుకుని, ఆయన రిటైరయ్యాక అదే బడికి ఆటల మేష్టారుగా వచ్చిన సుభానీకి ఆ మాట ఒంటబట్టలేదు. అతనికి రూలంటే రూలే.

ఆ ఏడాది వాళ్ల బడికి ఫిన్లాండులో ఒక బడితో జత కుదిరింది. వారానికోసారి పెద్ద తెర ముందు నిలబడి ఇక్కడి పిల్లలూ అక్కడి పిల్లలూ కలిసి ఆడుకునేవారు. ఎక్కువగా స్టాచ్యూ ఆటే. దొంగ వెనక్కి తిరిగేసరికి అందరూ బొమ్మల్లా నిలిచిపోవాలి, కదిలినవాళ్లు ఔటు. అక్కడ ఐలా అనే పిల్ల చక్రాల కుర్చీలో ఉండేది. ఏదో నరాల జబ్బు, ఎంత బిగబట్టినా చేతులు వణికేవి. మొదటి రోజు ప్రతి ఆటలోనూ ఆమే ముందు ఔటు. ఈల ఊదింది సుభానీయే.

మరుసటి వారం నాగలక్ష్మి అనే నాలుగో తరగతి పిల్ల, "ఐలా మాకు అరటిపండు సార్, ఔటు చెయ్యకండి" అని తేల్చేసింది. మరీ చిన్నవాళ్లని ఔటు లెక్క లేకుండా ఆటలో ఉంచుకుంటామే, అలాగన్నమాట. అక్కడి టీచరు అది విడమరిచి చెప్పాక ఐలా ఎంతసేపు నవ్విందో.

సుభానీకి మాత్రం మింగుడుపడలేదు. మేష్టారింటికి వెళ్లి అడిగాడు.

"ఔటయ్యే వీలే లేని పిల్ల ఆటలో ఉన్నట్టా, లేనట్టా మేష్టారూ?"

"ముందు ఆడించు" అంటూ మేష్టారు కాఫీ గ్లాసు అందించారు.

చలికాలంలో ఐలా పోయింది. పిల్లలకి ఒంటరిగా చెప్పే ధైర్యం చాలక సుభానీ మేష్టారిని తోడు తెచ్చుకున్నాడు. ఎలాగో చెప్పి, "ఐలా ఇంక ఆటలో ఉండదమ్మా" అన్నాడు.

"అరటిపండు ఔటవదు కదా సార్" అంది నాగలక్ష్మి.



తెర అవతలి పిల్లలూ ఆడదామన్నారు. నాగలక్ష్మి దొంగ. గోడవైపు నిలబడి, గిరుక్కున తిరిగింది. అందరూ ఆగారు గానీ ఒక్కరూ నిలకడగా లేరు. అక్కడ ఏడుపు ఆపుకోలేక భుజాలు కదులుతున్నాయి, ఇక్కడ గడ్డాలు వణుకుతున్నాయి. నాగలక్ష్మి ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయింది. ఎవరి పేరూ పిలవలేదు.

ఏం చెయ్యాలో తోచక సుభానీ అలవాటుకొద్దీ ఈల నోటిదాకా తెచ్చాడు. మేష్టారు అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఊదకు సుభానీ. ఆటలో అందరూ ఉన్నారు."