తురాయి చీపురు ఎత్తేసింది

అనగనగా మంచుకొండల అడవిలో ఒక చెరువు. చలికాలమొస్తే చాలు, గడ్డకట్టి బిగుసుకుపోయేది. అప్పుడు జంతువులు దాని మీద రాళ్ల ఆట ఆడేవి. ఈ గట్టు నుంచి గుండ్రటి రాయిని జారవిడవాలి. ఆ గట్టు దగ్గర మంచు మీద గీసిన వలయం నడిమికి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్లదే గెలుపు. ఆ ఏడు గెలిచిన జట్టుకి ఎండ తగిలే వెచ్చటి గుహ ఇవ్వాలని మాట అనుకున్నారు.

తురాయి అనే ఉడుతకి ఆ గుహ కావాలి. మంచుగాలికి దాని తొర్ర ఉన్న చెట్టు విరిగిపోయింది. పసికూనలు ముగ్గురూ గట్టు మీద ముడుచుకుని వణుకుతున్నారు.

తురాయి జట్టులో రాయిని కాస్త ఎడమకి తిప్పి విడిచేది ఎలుగు మామ. వలయం దగ్గర నిలబడి, ఎప్పుడు ఊడ్చాలో ఎప్పుడు ఆపాలో కేకేసేది కొండమేక తాత. రాయి ముందు పరుగెడుతూ చీపురుతో ఊడ్చేది తురాయి. రాయిని మాత్రం ముట్టుకోకూడదు.

"ముట్టుకోకుండా ఊడిస్తే ఏమొస్తుంది తాతా?" అంది తురాయి. దానికి అన్నీ సందేహాలే!

"ఊడ్చి చూడవే, నీకే తెలుస్తుంది," అన్నాడు తాత.

మొదటి రాయికి తురాయి దుమ్ము దులిపినట్టు పైపైన ఊడ్చింది. రాయి ఎడమకి వంగి, వలయం చేరకుండానే ఆగిపోయింది. అవతలి జట్టు నక్కలు పకపకా నవ్వాయి.

తురాయికి రోషమొచ్చింది. రెండో రాయికి ఒంటి బరువంతా చీపురు మీద వేసి రుద్దింది చూడండీ! "ఆపు, ఆపవే!" అని తాత అరిచినా వింటేనా? రాయి తిన్నగా దూసుకుపోయి, వలయం దాటి మంచుగుట్టలో కూరుకుపోయింది.

తురాయికి ఏడుపొచ్చింది. పిల్లల వైపు చూడలేకపోయింది. అయినా సందేహం ఊరుకోనిస్తుందా? వంగి, రుద్దిన చోట చెయ్యి పెట్టింది. తడి!

"తాతా! గట్టిగా రుద్దితే మంచు కాస్త కరుగుతోంది. అందుకే రాయి దూరం పోయింది, తిన్నగానూ పోయింది. రుద్దకపోతే వంగుతోంది. అంతేనా?"

"అంతేనే తల్లీ! ఇక మనకి మిగిలింది ఒక్క రాయే, జాగ్రత్త," అన్నాడు తాత.

అప్పటికే నక్కల రాయి ఒకటి నడిమికి జానెడు దూరంలో ఉంది. ఇంకోటి దానికి ముందు అడ్డంగా కూర్చుంది. ఎలుగు మామ అడ్డురాయికి కుడిపక్కగా మూడో రాయి విడిచాడు.

"ఊడ్చు!" అన్నాడు తాత. తురాయి వంగి గట్టిగా రుద్దింది. రాయి తిన్నగా వచ్చి అడ్డురాయిని దాటింది.

"ఆపు!"

అయ్యో, రాయి మెల్లబడుతోందే! ఇక్కడే ఆగిపోతే పిల్లల గతేంటి? తురాయి చేతులు ఊరుకోవడం లేదు. మీరైతే ఏం చేసేవాళ్లు? నిజం చెప్పండి.

తురాయి చీపురు ఎత్తేసింది. రాయి నెమ్మదిగా ఎడమకి వంగింది. అడ్డురాయి వెనకవైపుకి మళ్లి, సరిగ్గా వలయం నడిమధ్యన ఆగింది. నక్కలు తోకలు ముడుచుకుని వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం వెచ్చటి గుహలో చిన్నకూన అడిగింది, "అమ్మా, నువ్వు ఊడ్చే గెలిపించావా?"

"సగం ఊడ్చి, సగం ఊరుకుని," అంది తురాయి.

నీతి: పని గట్టిగా చెయ్యడంతోనే నేర్పు రాదు, ఎందుకు చేస్తున్నామో తెలుసుకుని, చాలన్నచోట చెయ్యి ఆపగలగాలి.