పెనుగాలిని నిద్ర లేపని అసిరమ్మ

ఒకప్పుడు పెనుగాలి తిన్నగా నడిచేది. ఇప్పటిలా సుళ్ళు తిరగడం దానికి చేతనయ్యేది కాదు. గీత గీసినట్టు వచ్చేది, గీత గీసినట్టు పోయేది.

ఏడాదికోసారి, వరి పొట్టకొచ్చే రోజుల్లో, నడిసముద్రంలో నీళ్ళు నింపుకునేది. ఆ మబ్బుల మూట నెత్తిన పెట్టుకుని పడమటి కొండకు బయల్దేరేది. కొండమీది చెట్లకు నీళ్ళు పోసి, ఖాళీ మూట దులుపుకుని వెళ్ళిపోయేది. దారిలో రెండు కొబ్బరికాయలు రాలేవి, ఒకరిద్దరి తలగుడ్డలు ఎగిరేవి. అంతే.

మరి దానికి దారెలా తెలిసేది? మన ఉత్తరపు తీరంలో చేపలవేటకెళ్ళే పల్లెవాళ్ళకు తెలిసినట్టే. సముద్రం మీద బాటలుండవు కదా! ఒడ్డున మొగలిదిబ్బ పేటలో ఒంటి తాడిచెట్టు ఒకటి ఉండేది. దాని వెనకాల, దూరంగా, కొండ. చెట్టూ కొండా ఒకే వరసలోకి వచ్చాయా, తెప్ప తిన్నగా పేటకే చేరుతుంది. చెట్టు పక్కకు జరిగిందా, దారి తప్పినట్టే. పెనుగాలి కూడా ఈ గుర్తు చూసుకునే నడిచేది.

ఒక ఏడాది దానికి ఆశ ఎక్కువైంది. 'రెండు వానలు ఒకేసారి మోసుకుపోతే మళ్ళీ ఏడు రానక్కర్లేదు కదా' అనుకుంది. మూట పెద్దదైపోయింది. పెద్దదై, జారి, కళ్ళమీదకొచ్చి కూర్చుంది.

"ఇదేమిటి, కొండేది?" అంది పెనుగాలి. పట్టపగలు. కొండ లేదు, చెట్టు లేదు, ఆఖరికి తన కాళ్ళు కూడా తనకు కనబడలేదు.

సరిగ్గా ఆ రోజే, ఆ పేటలో ఉండే అసిరమ్మ పెనిమిటి పోలయ్య ఒంటరిగా వేటకు వెళ్ళాడు. అసిరమ్మ పేట నడుమ ఉన్న ఇసక దిబ్బెక్కి, తాడిచెట్టును వాటేసుకుని, సముద్రంకేసి చూస్తోంది. ఏదీ కనబడదే! 'నాకే సముద్రం కనబడకపోతే ఆయనకి ఈ చెట్టేటి కనబడతాది?' అని చెట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఆ దిబ్బ చుట్టూ నాలుగు వైపులా నాలుగు వీధులు. గాలి వస్తోందంటే పేటలో ఒక అలవాటుంది. పాత వల తాళ్ళు ఇంటి కప్పు మీదుగా వేసి, ఇంటికొకరు దిబ్బకు వీపు పెట్టి బయట నిలబడి, ఆ తాడు కుడిచేత్తో బిగించి పట్టుకుంటారు. కప్పు లేవకుండా.

పెనుగాలి తడుముకుంటూ వచ్చి ఉత్తరపు వీధిలో పేటపెద్ద లచ్చయ్య ముందు నిలబడింది.

"అయ్యా, పడమటి కొండకు దారెటు? నాకేమీ కనబడటం లేదు."

లచ్చయ్య మంచివాడే. కానీ కిందటి వారమే కప్పు కొత్తగా వేయించుకున్నాడు. కుడిచేతిలో తాడుంది. అందుకని ఎడంచెయ్యి చాచి, "అలగెల్లు బాబూ, అలగెల్లు. అదే పడమర. మాయింటి మీంచి మాత్రం కాదు," అన్నాడు.

అలా వెళితే పడమటి వీధి. అక్కడ సిమ్మాలమ్మ.

"లచ్చయ్య బావ పంపాడా? ఆడికేటి తెలుసు దిక్కులు!" అని సిమ్మాలమ్మ కూడా ఎడంచెయ్యే చాచింది. "ఇటు కాదు నాయనా. అదిగో, అలగెల్లు. అదే అసలు పడమర."

అలా వెళితే దక్షిణపు వీధి. అక్కడ దానయ్య. అతని కుడిచేతిలోనూ తాడే. "నన్నడుగుతావేటి? అలగెల్లిపో," అని ఎడమవైపు తూరుపు వీధి చూపించాడు. తూరుపు వీధివాళ్ళు అడగకముందే ఎడంచేతులు చాచి నిలబడ్డారు. అలా వెళ్ళేసరికి ఎవరున్నారు? లచ్చయ్య!

"మళ్ళీ నువ్వేనేటి?" అన్నాడు లచ్చయ్య.

"మళ్ళీ మీరేనా?" అంది పెనుగాలి. "ఇది మీ ఇల్లా, ఇంకోటా?"

"ఎవరిల్లయితే నీకేటి! అలగెల్లు!"

పాపం, అది మళ్ళీ అటే వెళ్ళింది. సిమ్మాలమ్మ, దానయ్య, తూరుపు వీధి, లచ్చయ్య. మళ్ళీ సిమ్మాలమ్మ. గుళ్ళో ప్రదక్షిణం చేసే వైపుకు సరిగ్గా ఎదురువైపు, ఎడంగా, ఎడంగా, గుండ్రంగా తిరగడం మొదలైంది. తిరిగేకొద్దీ కంగారు. కంగారుకొద్దీ వేగం. లచ్చయ్య కొత్త కప్పు ఎగిరిపోయి సిమ్మాలమ్మ పెరట్లో పడింది. సిమ్మాలమ్మ ఎండుచేపల తట్టలు దానయ్య గుమ్మంలో పడ్డాయి. ఒడ్డున కట్టిన తెప్పలు గడ్డిపరకల్లా లేచిపోయాయి. కొబ్బరిచెట్లు వరసగా తలలు వాల్చేశాయి. అంత తుఫాను ఆ తీరంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. దారి అడిగిందెవరో, చెప్పిందెవరో ఎవరికీ గుర్తులేదు. ఎడంచేతులు మాత్రం చాచినవి చాచినట్టే ఉన్నాయి.

చివరికి పెనుగాలికి కళ్ళు తిరిగాయి. తూలుకుంటూ నడిమి దిబ్బమీదకు వచ్చి, అసిరమ్మ పక్కన దభీమని కూలబడింది.

"అమ్మా, నువ్వైనా చెప్పు. కొండెటు?"

"అదిగో, అటు..." అని అసిరమ్మ చెయ్యెత్తబోయింది.

"చెయ్యి చూపించకు తల్లీ!" అని అరిచింది పెనుగాలి. "పడమర ఎటంటే నలుగురు నాలుగు వైపులు చూపించారు. చేతుల్ని ఇంక నమ్మను. కళ్ళతో చూస్తేనే నమ్ముతాను. నా బుర్ర తిరుగుతోంది, కాసేపు పడుకుంటాను. కొండ కనబడగానే లేపుతావా?"

"లేపుతాను బాబూ. నాకూ అది కనబడాలి. మా ఆయన సముద్రంలో ఉన్నాడు."

"మాటిచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

పెనుగాలి పడుకుంది. తల దిబ్బమీద, కాళ్ళు సముద్రంలో. నెత్తిమీది మూట నడుమ విచ్చుకుని చుట్టూ జరిగింది. ఆకు కదలడం ఆగిపోయింది. గుండ్రంగా నీలి ఆకాశం బయటపడింది. ఎండ వచ్చింది! కడిగిన పళ్ళెంలా కొండ కనబడింది!

అసిరమ్మ సంబరపడి లేపడానికి చెయ్యి చాచింది. అంతలో సముద్రంకేసి చూసింది. నల్లగా చిన్న చుక్క. పోలయ్య తెప్ప! అతనికీ చెట్టూ కొండా కనబడినట్టున్నాయి, తెప్ప ఇటే తిరిగింది.

చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు లేపితే పెనుగాలి కొండను చూస్తుంది, తిన్నగా వెళ్ళిపోతుంది, పేట బతుకుతుంది. కానీ అది లేచిందంటే దాని కాళ్ళకింది సముద్రమంతా లేస్తుంది. పోలయ్య ఆ కాళ్ళ మధ్యనే ఉన్నాడు.

లేపాలా? వద్దా? చెయ్యి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. 

ఇంతలో పేటంతా బయటికొచ్చింది. "పీడ వదిలిపోనాదిరోయ్!" అని లచ్చయ్య కేక. అసిరమ్మ గబుక్కున నోటిమీద వేలేసుకుని 'ఉష్' అంది.

"ఏటే, పన్ను నొప్పేటి?" అన్నాడు లచ్చయ్య.

"మెల్లగా, మావా! గాలి పడుకుంది."

"గాలి పడుకోవడమేటే! దీనికి మతి పోయినట్టుంది."

"నీ మతి పోలేదేటి?" అని సిమ్మాలమ్మ అందుకుంది. "గాలిని మాయింటికి పంపిందెవరు?"

"మరి నాయింటికి?" అని దానయ్య. ఒకరు అన్నది ఒకరికి అర్థం కాలేదు. ఎగిరిన తట్టలకోసం, రాలిన కాయలకోసం కొట్టుకుంటూ నలుగురూ నాలుగు దిక్కులకు పరిగెత్తారు. అసిరమ్మ ఒకరి చెయ్యి పట్టుకుని, ఒకరి నోరు మూసి, "మొగలి పొదల డొంకలోకి దూరండి, మీకు దండం పెడతాను," అని బతిమాలింది. ఎందుకో తెలియకుండానే కొందరు వెళ్ళారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళూ వెళ్ళారు.

తెప్ప ఒడ్డుకు తగిలింది. పోలయ్య దిగాడు. "ఒలే అసిరీ! కొండ ఎంత బాగా..." ఎదురు పరిగెత్తుకొచ్చిన అసిరమ్మ అతని నోరు మూసేసింది. అప్పుడు గానీ ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మబ్బు అంచులు దగ్గరకొచ్చేశాయి. ఆకాశం మూసుకుపోయింది. కొండ లేదు.

పెనుగాలి ఒళ్ళు విరుచుకుంది. "అమ్మా, కొండ కనబడిందా?"

లేదు అంటే సరిపోయేది. అసిరమ్మ తడిసి ముద్దయిన పోలయ్యను చూసింది. అబద్ధం నాలుక దాటలేదు.

"కనబడింది బాబూ."

"మరి లేపలేదేం? మాటిచ్చావు కదా!"

"లేపితే ఈయన మునిగిపోయేవోడు. నా మొగుడు. ఏటి చెయ్యమంటావు? ఇప్పుడు చెబుతున్నాను, అదిగో, అటే పడమర. నా ఒట్టు."

పెనుగాలి ఆమె చేతికేసి చూసింది. ఆమె మొహంకేసి చూసింది. కోప్పడాలో, జాలిపడాలో దానికి తెలియలేదు. ఆ నలుగురూ చెప్పింది అబద్ధం. ఈమె మాటిచ్చి తప్పింది. మరి ఈ చెయ్యి నిజమా? తల పట్టుకుని ఆలోచించి ఆలోచించి, "అటు అన్నావు కాబట్టి అటు కాదు!" అని లేచి, సరిగ్గా ఎదురుదిక్కుకు దూకింది.

అసిరమ్మ, పోలయ్య తెప్పను ఈడ్చుకుంటూ మొగలి డొంకలో దూరారు. ఇందాక ఒకవైపు నుంచి కొట్టిన గాలికి నిలిచిన గోడలు, ఇప్పుడు రెండోవైపు నుంచి కొట్టేసరికి కూలాయి. తెల్లారి లేచి చూస్తే పేటలో ఒక్క కప్పు లేదు. మనుషులందరూ ఉన్నారు. తెప్పల్లో పోలయ్యది ఒక్కటే మిగిలింది.

"నిజమే చెప్పావు కదే, నమ్మలేదేటి?" అన్నాడు పోలయ్య.

అసిరమ్మ తన చేతికేసి చూసుకుంది. "దానికి నిజం కావలసినప్పుడు నేను చెప్పలేదు," అంది.

అప్పటినుంచే పెనుగాలి ఎవర్నీ దారి అడగదు. మన తీరానికి ఎప్పుడొచ్చినా ఎడంచేతివైపుకే సుడి తిరుగుతూ వస్తుంది. నడుమ ఒక్కసారి అలిసి ఆగుతుంది, ఎండ కూడా కాస్తుంది, పోయిందనుకుంటాం. లేచి, వచ్చిన వైపుకు ఎదురువైపు నుంచి మళ్ళీ కొడుతుంది. తిరిగి తిరిగి, మోసుకొచ్చిన నీళ్ళన్నీ అడగనివాళ్ళ పొలాల్లో పారబోసి, కొండ చేరకుండానే ఎక్కడో నేలమీద చతికిలబడిపోతుంది.